వీరరాఘవమ్మ కుడి భుజం

ఆ ఉదయం శివలీల చెయ్యి బ్రష్షు కోసం వెళ్లింది. బ్రష్షు అక్కడ లేదు.

తొమ్మిదేళ్లుగా అది కంప్యూటర్ తెర మీద ఎడమ పక్కన, పై నుంచి ఏడో గడిలో ఉండేది. చెయ్యి తనంతట తానే వెళ్లి నొక్కేది, కన్ను తోడు వెళ్లే పని లేదు. ఆ ఉదయం ఏడో గడిలో ఒక నక్షత్రం బొమ్మ కూర్చుని ఉంది. అలవాటుపడ్డ చెయ్యి ఆగుతుందా? నొక్కేసింది. తెర మీదున్న అరవై ఏడేళ్ల మనిషి ముఖం రెప్పపాటులో సినిమా హీరోయిన్ ముఖంలా నున్నగా అయిపోయింది. అది చాలదన్నట్టు పక్క నుంచి ఒక చిన్న పెట్టె దూకి, "అభినందనలు! మా కొత్త రూపం మీకు నచ్చిందా?" అని అడిగింది.

శివలీల ఆ పెట్టెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆమె ఎవరో ముందు చెప్పాలి. మా చీరాలలో జిలానీ మాస్టారి స్టూడియో అంటే తెలియనివాళ్లు లేరు. ఫిలిం రోజుల్లో నెగెటివ్ మీద పెన్సిలు మొనతో ముఖాలు దిద్దిన చెయ్యి ఆయనది. ఒంగోలు నుంచి తెనాలి దాకా 'టచింగ్ మాస్టారు' అంటే ఆయనొక్కరే. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఊరూరా స్టూడియోలు పెట్టుకున్నారు. ఆఖర్న చేరిన శిష్యురాలు శివలీల. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. ఇంటర్ అవగానే స్టూడియో మెట్లెక్కింది, మళ్లీ మగ్గం వైపు చూడలేదు.

వేగంలో ఆమెను కొట్టేవాళ్లు మూడు జిల్లాల్లో లేరు. ఒకసారి పందెం కట్టి కీబోర్డు మీద తువ్వాలు కప్పి, దాని కింద చేతులు పెట్టి ఒక పెళ్లి ఆల్బమ్ సాంతం పూర్తి చేసింది. ఏ ఫొటో వచ్చినా నాలుగు మెట్లు. చర్మం నునుపు, కళ్లలో తెలుపు, గీతలు మాయం, భుజాలు సమం. నాలుగూ అయ్యేసరికి మీరు టీ గ్లాసు కింద పెట్టి ఉండరు. ఆమె చేతిలో పడ్డ పెళ్లికొడుకులందరి భుజాలూ స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. "నేను కళ్లు మూసుకుని చేస్తా" అనేది, గొప్పగా. మాకూ గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు.

అలాంటి మనిషిని ఒక్క రాత్రిలో ఎందుకూ పనికిరానిదాన్ని చేసి పడేశారు. ఫొటోలు దిద్దే ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవాళ్లు దాని వేషం మొత్తం మార్చేశారు. ఎడమ పక్కనున్నవి కుడి పక్కకి పోయాయి. పేర్లతో ఉన్నవి బొమ్మలైపోయాయి. బొమ్మలుగా ఉన్నవి ఎక్కడో సొరుగుల్లో దూరాయి. ఆమె వేళ్లకు కంఠతా వచ్చిన మీటలు ఇప్పుడు వేరే పనులు చేస్తున్నాయి. ఒకటి నొక్కితే ఫొటో తలకిందులైంది. ఇంకొకటి నొక్కితే మొత్తం నలుపు తెలుపైంది.

తెలిసిన స్టూడియోలకు ఫోన్లు చేసింది. అందరూ తలలు పట్టుకునే ఉన్నారు. పాతది మళ్లీ వేసుకోవచ్చా అని అడిగితే, పాతది ఇక నడవదని చెప్పారు.

ఇంకో రోజైతే కంప్యూటర్ కట్టేసి ఇంటికి పోయేది. ఆ రోజు కుదరదు. తెర మీదున్నది గంజి వీరరాఘవమ్మ.

వీరరాఘవమ్మ భర్త పోయేనాటికి ఆమెకు పాతికేళ్లు. మగ్గం గుంటలో ఆడది దిగడమేంటని నోళ్లు నొక్కుకున్నవాళ్ల ఎదుటే దిగింది. నలభై రెండేళ్లు నేసింది. మా పేటలో చేనేత సంఘం కొత్త హాలు కట్టుకుంది. పాత హాలు గోడల మీద ఉన్నవన్నీ కండువాలేసుకున్న మగవాళ్ల ఫొటోలే. కొత్త హాల్లో మొదటి ఫొటో వీరరాఘవమ్మది పెట్టాలని నేతగాళ్లందరూ చేతులెత్తి తీర్మానం చేశారు. మాస్టారే స్వయంగా కెమెరా పట్టుకెళ్లి ఫొటో తీసుకొచ్చారు. తెల్లవారి పది గంటలకు ఆవిష్కరణ. సాయంత్రం ఐదులోపల ప్రింటుకు పంపకపోతే గోడ మీద ఖాళీ ఫ్రేమే.

మాస్టారు మధ్యాహ్నం నమాజు ముగించుకుని వచ్చేసరికి శివలీల కంప్యూటర్‌కు వీపు పెట్టి కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మాస్టారూ, సంఘం సెక్రటరీ గారికి ఫోన్ చెయ్యండి. రేపటికి కాదని చెప్పండి."

"ఎందుకనమ్మా?"

"నా పనిముట్లన్నీ ఎత్తుకెళ్లారు. పొద్దున్నుంచీ వెతుకుతున్నా. తొమ్మిదేళ్లు చేసిన పని ఇవాళ రాకుండా పోయింది. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్లూ నేనూ ఒకటే అయిపోయాం."

మాస్టారు టోపీ తీసి జేబులో పెట్టుకున్నారు.

"మీకేం మాస్టారూ," అంది శివలీల, ఉక్రోషం పట్టలేక. "మీ పెన్సిలు ముప్పై ఏళ్లు ఒక్క తీరునే ఉంది."

"చెక్కినప్పుడల్లా మారేది," అన్నారాయన.

స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నారు. హీరోయిన్ ముఖంతో ఉన్న వీరరాఘవమ్మను చూసి ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని, "ముందు ఈమెను ఈమెగా చెయ్యి," అన్నారు. ఒక అడుగు వెనక్కి వెళ్లే మీట ఒకటి మిగిలే ఉంది. శివలీల నొక్కింది. వీరరాఘవమ్మ తన ముడతలతో తను తిరిగొచ్చింది.

"ఈ చుట్టూ ఉన్న బొమ్మలన్నీ కనపడకుండా చెయ్యొచ్చా?"

"ఏవి, పనిముట్లా? ట్యాబ్ మీట నొక్కితే పోతాయి. అదొక్కటీ మార్చలేదు, పుణ్యాత్ములు."

"నొక్కు."

నొక్కింది. కుడి పక్కవి, ఎడమ పక్కవి, పైవి, కిందివి అన్నీ మాయమయ్యాయి. తెర నిండా వీరరాఘవమ్మ ఒక్కతే మిగిలింది.

"ఇప్పుడు పని మొదలుపెట్టు."

"దేంతో మాస్టారూ?"

"ఏం చెయ్యాలో చెప్పు. దేంతోనో తర్వాత చూద్దాం."

శివలీల వేళ్లు లెక్కపెడుతూ చెప్పుకుపోయింది. "చర్మం నునుపు చెయ్యాలి. కళ్లు తెల్లబరచాలి. గీతలు తియ్యాలి. భుజాలు సమం చెయ్యాలి."

"ఇది నాకూ తెలుసు. ఈమెకేం చెయ్యాలి?"

"అందరికీ చేసేదే మాస్టారూ. ఈమెకు వేరే ఏముంటుంది?"

"ఈమెది ఏ భుజం కిందికుంది?"

శివలీల అది చూడనే లేదు. ఆ ఫొటో మూడు రోజులుగా ఆమె దగ్గరే ఉంది. తల తిప్పి చూసి, "కుడిది," అంది. "రెండు వేళ్లంత దిగింది."

"ఎందుకు దిగింది?"

పొద్దున్నుంచీ రగులుతున్న కోపం ఆయన మీదికే మళ్లింది. "మీరు కెమెరా వంచి తీసుంటారు."

టచింగ్ మాస్టారి ముఖం మీద అలాంటి మాట అన్నవాళ్లు అంతకు ముందు లేరు. అన్న క్షణానే శివలీల నాలుక కరుచుకుంది.

 మాస్టారు కుడి చెయ్యి తలకంటే పైకెత్తారు. గాలిలో దేన్నో పట్టుకున్నట్టు పిడికిలి బిగించారు. కిందికి లాగారు. మళ్లీ ఎత్తారు, మళ్లీ లాగారు. లాగిన ప్రతిసారీ కుడి భుజం కిందికి దిగుతోంది. అలా ఓ పది సార్లు. అరవై దాటిన మనిషి, కొంచెం ఆయాసపడ్డారు కూడా. తర్వాత లేచి టీ తాగడానికి బయటికి వెళ్లిపోయారు.

చీరాలలో పుట్టినవాళ్లకు దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. మగ్గంలో పోగును మోసుకుపోయే నాడెను అటూ ఇటూ పరుగెత్తించే తాడు పై నుంచి వేలాడుతూ ఉంటుంది. కుడి చేత్తో లాగాలి. లాగినప్పుడల్లా ఒక పోగు పడుతుంది. చీరకు ఎన్ని వేల పోగులో, రోజుకు ఎన్ని వేల లాగుళ్లో, నేసేవాళ్లకే లెక్క లేదు. శివలీల ఆ చప్పుడు వింటూ నిద్రపోయి, ఆ చప్పుడు వింటూ నిద్రలేచిన పిల్ల.

ఆమెకు సిగ్గేసింది. మాస్టారిని అన్న మాటకు కొంత, తెలిసి కూడా కనపడనందుకు ఎక్కువ.

చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. గోడ గడియారంలో అరగంట పోయింది. వీరరాఘవమ్మ చూపుడువేలు పక్కన పోగులు కోసిన గీత కనపడింది. కెమెరా ముందు కూర్చున్నా వేళ్లు ఊరికే ఉండలేక చీర అంచు నాణ్యం చూస్తున్నాయని కనపడింది. పెదవులు నవ్వడం లేదు, కళ్లు నవ్వుతున్నాయి. వీటిలో దిద్దాల్సింది ఏదీ లేదు. దిద్దాల్సినవి వేరే ఉన్నాయి. కళ్లద్దాల మీద ట్యూబులైటు తెల్లగా పడి ఆ నవ్వుకు అడ్డొస్తోంది. చెవి పక్కన గోడమేకు ఒకటి కమ్మలా వేలాడుతోంది. అంతే, రెండే.

ట్యాబ్ నొక్కింది. పనిముట్లు వచ్చాయి. ఎక్కడెక్కడివో కాదు, తనకు కావలసింది ఒక్కటే అని తెలిశాక వెతకడం తేలికైంది. కుడి పక్క అడుగున ఒక సొరుగులో బ్రష్షు దొరికింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి శివలీల చేతితో పాటు కన్ను కూడా వెళ్లింది. రెండు పనులకు రెండు గంటలు పట్టింది.

నాలుగున్నరకు మాస్టారు వచ్చి చూశారు. 

"భుజం?" అని మాత్రం అడిగారు.

"ముట్టుకోలేదు మాస్టారూ."

ఆయన ప్రింటుకు పంపే మీట చూపించమని అడిగి, తనే నొక్కారు.

తెల్లవారి పది గంటలకు హాలు కిటకిటలాడింది. సెక్రటరీ గారు తెర లాగారు. నిలువెత్తు ఫ్రేములో వీరరాఘవమ్మ. చప్పట్లు మోగాయి. మోగుతూ మోగుతూ ముందు వరసలో మాత్రం కాస్త తగ్గాయి. సంఘం గుమాస్తా మెడ వంచి అటు చూశాడు, ఇటు చూశాడు. "వంకరగా తగిలించినట్టున్నారండీ," అంటూ స్టూలెక్కి ఫ్రేమును ఒక పక్క పైకి నెట్టాడు. ఇప్పుడు ఫ్రేము వంకర, భుజాలు తిన్నన. గుమాస్తా దిగి దూరంగా వెళ్లి చూసి తృప్తిపడ్డాడు.

ముందు వరసలో ఎవరో పెద్దమనిషి పక్కాయనతో అన్నాడు. "జిలానీ స్టూడియో పనేనా ఇది? ఆ అమ్మాయి చేస్తే భుజాలు గీత గీసినట్టుండేవే! చెయ్యి పడిపోయినట్టుంది."

ఆ మాట శివలీలకు వినపడింది. తొమ్మిదేళ్లు కూడబెట్టుకున్న పేరు మూడు జిల్లాల్లోనూ ఒక్కసారే జారిపోతున్నట్టు అనిపించింది. పక్కనున్న మాస్టారి వైపు చూసింది. ఆయన ఫొటో వైపే చూస్తున్నారు.

అప్పుడు వేదిక మీద కుర్చీలోంచి వీరరాఘవమ్మ లేచింది.

"అబ్బాయ్, దాన్ని కదిలించబాక," అంది గుమాస్తాతో. "ఫ్రేము బాగానే ఉండింది. ఆ వంకర నాది. అట్టా రాటానికి నలభై రెండేళ్లు పట్టింది నాకు."

 గుమాస్తా ఎక్కడివాడక్కడ నిలబడిపోయాడు.

శివలీల ముందుకు నడిచింది. ఎవరూ చెప్పలేదు. స్టూలెక్కి, పైకి నెట్టిన పక్కను రెండు చేతులతో కిందికి దించింది. గోడ గీతతో సరిచూసుకుంది. ఫ్రేము తిన్ననైంది. భుజం దాని చోటికి అది దిగింది.

దిగబోతూ స్టూలు మీద నుంచే వెనక్కి తిరిగింది. ఆమె ఎదురుగా హాలు నిండా నేతగాళ్లు, వరసలు వరసలుగా. శివలీల దిగలేదు. ఒక్కొక్కరినే చూస్తూ నిలబడింది.

అందరి కుడి భుజాలూ కిందికే ఉన్నాయి. మూడో వరసలో కూర్చున్న వాళ్ల నాన్నది కూడా.