అచ్చాలు చెయ్యి

మూడేళ్లు వరసగా మూడు గడ్డివాములు కాలిపోయాయి. మూడుసార్లూ తప్పు మనిషినే పట్టుకున్నారు.

ఇది ఏ కాలం మాటంటే చెప్పలేను. గోదారి ఇప్పుడు పారేచోట కాక ఇంకెక్కడో పారుతున్న కాలం. ఆ గోదారి నడుమ ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. వరదొస్తే చేలన్నీ మునిగేవి. మనుషులూ గొడ్లూ మెరక మీదికి చేరేవాళ్లు. నీళ్లు తీసేదాకా గొడ్డు నోటికి అందేది వాములో దాచిన గడ్డి ఒక్కటే. వాము ఉంటే గొడ్డు ఉంది. వాము లేకపోతే గొడ్డు లేదు. లంకలో అందరికీ తెలిసిన లెక్క అది.

ఊళ్లో పెద్ద వాములు పెదకాపు బుల్లెయ్యవి. చిన్న రైతుల గడ్డి అయిపోతే ఆ వాముల్లోంచే ఇచ్చేవాడు. మనిషి మంచివాడు, కానీ వాము విషయంలో పట్టుదల ఎక్కువ. వాము మొదలెట్టిన రోజే ముగియాలి. గోదారికి అవతలి గట్టు మీంచి చూసినా కనపడేంత ఎత్తు ఉండాలి. పొర వరిగడ్డి, పొర పిల్లిపెసర మేత పరిచి, పదిమంది ఎక్కి గట్టిగా తొక్కాలి. పిల్లిపెసర రంగు తిరగకముందే, ఆకు పచ్చగా ఉండగానే వాములో పడాలి. అది తిన్న గేదె చిక్కటి పాలిస్తుందని బుల్లెయ్య తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు.

మొదటి ఏడు ఒక వాము కాలింది. నరసయ్య చుట్ట తాగుతాడు కాబట్టి నరసయ్యే అన్నారు. ఊళ్లో మళ్లీ చుట్ట ముట్టనని ఒట్టు వేయించుకున్నారు.

రెండో ఏడు ఇంకో వాము కాలింది. బుల్లెయ్యతో పొలం గట్టు తగాదా ఉంది కాబట్టి సత్తెయ్యే అన్నారు. పడవెక్కించి అవతలి గట్టుకి పంపేశారు.

మూడో ఏడు బుల్లెయ్య రెండు వాములు వేసి, కాపలాకి ముత్యాలు అనే కూలీని పెట్టాడు. ముత్యాలు అక్కడే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. అయినా మొదటి వాము కాలింది. మనిషి పక్కనుండగా లోపల్నించి భగ్గుమంది. ఇంకెవరూ లేరు కాబట్టి ముత్యాలే అన్నారు.

ముత్యాలు పెళ్లాం పేరు అచ్చాలు. వేసంగిలో బుల్లెయ్య సావిట్లో పొగాకు మండెలు కట్టేది. మండె అంటే ఆరబెట్టిన ఆకుని పేర్చిన కుప్ప. ఆకులో తేమ ఉంటే మండె లోపల వేడెక్కుతుంది. అందుకని అచ్చాలు పొద్దున్నే మండెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేది. గోరువెచ్చగా ఉంటే వదిలేసేది. చురుక్కుమంటే మండె విప్పి, కిందాకు పైకీ పైయాకు కిందికీ తిరగేసేది. ఆవిడ ఆ పనిలోనే పుట్టి పెరిగింది.

ముత్యాల్ని పడవెక్కించడానికి ఊరంతా రేవుకి వచ్చింది. బుల్లెయ్య పెళ్లాం చెల్లాయమ్మ స్వయంగా వాళ్ల కుండలూ చాపా తెప్పించి పడవలో పడేయించింది. అచ్చాలు పడవెక్కలేదు. బుల్లెయ్య ముందు నిలబడింది.

"కాపుగారూ, కాలినచోట బెల్లం మాడిన వాసనొచ్చింది. మీకు రాలేదా?"

"వచ్చింది. అయితే?"

"మండె చెడిపోతే అదే వాసన. మీ గడ్డి ఆరలేదు. ఆరకుండానే తొక్కారు. నిప్పు బయట్నించి రాలేదు, లోపలే పుట్టింది."

చెల్లాయమ్మ బుగ్గ నొక్కుకుంది. "విన్నారా? గడ్డికి జొరం వచ్చిందంట. కషాయం కాచి పొయ్యమంటావేవే?"

రేవంతా నవ్వింది.

"కషాయం వద్దమ్మా, బిందెలతో నీళ్లు కావాలి. రెండో వాము మొదటిది అవగానే అదే గడ్డితో వేశారు. దానికీ జొరం ఉండే ఉంటుంది. పట్టి చూడండి, తర్వాత మాట్లాడండి."

"నాకున్నది ఆ ఒక్క వామే," అన్నాడు బుల్లెయ్య. "అది విప్పి వానలో తడిస్తే ఊరి గొడ్లన్నీ చస్తాయి."

"విప్పకపోతే వాము కాలి చస్తాయి."

"నీ మాట తప్పయితే?"

"నేనూ ఆయనతో పడవెక్కుతాను. మళ్లీ ఈ రేవులో కాలు పెట్టం. నిజమయితే నేను చెప్పినట్టు వాము వేస్తారా?"

బుల్లెయ్య వాము వైపు తిరిగాడు. "పద," అన్నాడు.

అచ్చాలు ముందు చుట్టలూ చెకుముకిరాళ్లూ అన్నీ రేవు దగ్గరే పెట్టించింది. వాము చుట్టూ నీళ్ల బిందెలు పెట్టించింది. నడుముకి తాడు కట్టుకుని, కొస ముత్యాలు చేతికిచ్చింది.

"ఇదెందుకే?" అన్నాడు ముత్యాలు.

"లోపల కాలి డొల్లయి ఉంటే దిగబడతాను. అప్పుడు లాగు. ఏడుస్తూ నిలబడకు."

నిచ్చెనేసుకుని వాము ఎక్కింది. పొడుగాటి గునపం ఒకటి తెప్పించుకుంది. తూర్పు కొసన నిలువునా దింపి, ఒక తాంబూలం నమిలేంత సేపు ఉంచి లాగింది. లోపలికి దిగిన కొసని నిచ్చెన మీదున్న బుల్లెయ్యకి అందించింది.

"మీరే పట్టుకోండి. నేను పట్టుకుని చెబితే అబద్ధం అంటారు."

బుల్లెయ్య పట్టుకున్నాడు. "చల్లగా ఉంది," అని నవ్వాడు.

"ఇక్కడ పొద్దున వేసిన గడ్డి ఉంది. అది ఆరింది."

నడిమధ్యన దింపింది. తాంబూలం నమిలేంత సేపు ఉంచి లాగింది. బుల్లెయ్య పట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు. "వెచ్చగా ఉంది," అన్నాడు.

"ఇక్కడ మధ్యాహ్నం గడ్డి ఉంది."

పడమటి కొసకి నడిచింది. మబ్బు పట్టిందని సాయంత్రం పచ్చి పిల్లిపెసర బండ్లకు బండ్లు దించి, బుల్లెయ్య హడావిడిగా తొక్కించినది అక్కడే. గునపం దింపింది. తాంబూలం నమిలేంత సేపు ఉంచింది. పైకొసని పైటతో పట్టుకుని లాగింది. బుల్లెయ్య పట్టుకున్నాడు, పట్టుకున్నంత వేగంగా వదిలేశాడు. గునపం కింద పడింది. అరచేయి ఎర్రగా కందిపోయింది.

బుల్లెయ్య నిచ్చెన దిగి, అరచేతిని బిందెలో ముంచి, "విప్పండి," అన్నాడు.

"ఆగండి," అంది అచ్చాలు పైనుంచే. "గాలి తగలగానే మండుతుంది. నీళ్లు ముందు, విప్పడం తర్వాత. బిందెలు చేతుల్లో పెట్టుకోండి."

ఆవిడ దిగాక, పక్క నుంచి కొక్కేలతో లాగడం మొదలెట్టారు. పైపొర పచ్చగా వచ్చింది. దాని కింద గోధుమరంగు. దాని కింద పొగాకులా నలుపు. పొగ లేచింది. ఇంకో మోపు లాగేసరికి, పట్టపగలు, ఊరందరి ముందు, ఏ చెయ్యీ ముట్టని చోట ఎర్రటి మంట నాలిక చాచింది.

"పొయ్యండి," అంది అచ్చాలు.

పోశారు. అందరికంటే ముందు పోసింది చెల్లాయమ్మ. బిందెడు పోసి, రెండో బిందెకి రేవు దాకా పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తడం ఊరు చూసింది అదే మొదలు.

మంట ఆరింది. వాములో మూడొంతులుంటే ఒక వంతు పోయింది. రెండు వంతులు మిగిలాయి. మిగిలినదాన్ని మెరక మీద పల్చగా పరిచారు. గడ్డి పరక విరిస్తే పుటుక్కుమనేదాకా ఎండబెట్టారు. మాడిన గడ్డి ఒక గుప్పెడు గేదె ముందు పెడితే మూతి తిప్పుకుంది. ఎండిన పచ్చగడ్డి పెడితే తల ఎత్తకుండా తింది. అచ్చాలు చెప్పినట్టే ఈసారి ఒకటి కాక మూడు చిన్న వాములు వేశారు, మధ్య మధ్య గాలాడే సందు వదిలి. అవతలి గట్టుకి అవి కనపడలేదు. బుల్లెయ్యకి ఆ బాధ కొన్నాళ్లుంది.

ఆ ఏడు వరద పెద్దది. లంకలో ఒక్క గొడ్డూ చావలేదు.

సత్తెయ్యని తీసుకురావడానికి బుల్లెయ్య తనే పడవ వేసుకుని వెళ్లాడు. సత్తెయ్య మూడుసార్లు తలుపేశాడు. మూడుసార్లూ బుల్లెయ్య గుమ్మంలోనే కూర్చున్నాడు. నాలుగోసారి ఇద్దరూ తిట్టుకుంటూ పడవెక్కారు. నరసయ్యని పిలిచి, ఒట్టు గట్టున పెట్టేశాం, చుట్ట కాల్చుకోమన్నారు. "ఇప్పుడు చెబుతారా?" అన్నాడు నరసయ్య. "అలవాటే పోయింది." అయినా కాల్చాడు.

ఇప్పటికీ ఆ లంకల్లో వాము వేస్తే నడిమధ్యన ఒక గునపం దింపి వదులుతారు. దాన్ని అచ్చాలు చెయ్యి అంటారు. దానికి పసుపు రాస్తారు. వాము చల్లబడేదాకా పొద్దున్నే చద్దన్నం ముందు కూర్చునే లోపు ఇంటివాళ్లు ఆ గునపం లాగి పట్టి చూస్తారు. వీధిలో ఎదురైనవాళ్లు, "మీ వాముకి జొరం ఉందా?" అని అడుగుతారు. లేదంటే వెళ్లిపోతారు. ఉందంటే బిందెలు తీసుకుని వస్తారు. ఎవరైనా ఎవరి మీదైనా నేరం మోపబోతే, పెద్దవాళ్లు, "అచ్చాలు చెయ్యి పట్టి చూశావా?" అంటారు. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

మంట ఆరిన రోజున బుల్లెయ్య అడిగాడు, "నీకేం కావాలి?" అని. అచ్చాలు రేవు వంక చూసింది. కుండలూ చాపా ఇంకా పడవలోనే ఉన్నాయి.

"ముందు అవి దింపించండి," అంది. "ఇక మీదట ఊళ్లో ప్రతి వామూ నేనే పట్టి చూస్తాను. మమ్మల్ని పడవెక్కించమన్న వాళ్లవి ముందు చూస్తాను."

కొత్త వాములు వేసిన మర్నాడు పొద్దున్నే గునపం భుజాన వేసుకుని చెల్లాయమ్మ దొడ్లోకి నడిచింది. బతికినన్నాళ్లూ ఆ వరస మార్చలేదు.