పదిహేను నక్షత్రాల పైడితల్లి

జోగారావు మాస్టారు తరగతి గది బయట ఏ ప్రశ్నకూ నోటితో జవాబు చెప్పగా మేమెవ్వరం చూడలేదు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ గుమాస్తాలకు డిపార్ట్‌మెంటల్ పరీక్షల పాఠాలు చెప్పిన మనిషి. మా జిల్లా ఆఫీసుల్లో సగం మంది ఆయన శిష్యులే. ఎవరైనా సందేహం అడిగితే చెప్పులు వేసుకుని లేచేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. ఆ రోజు శేషగిరి అడిగాడు, వెంట నేనూ నడిచాను.

శేషగిరి మాకందరికంటే పైకి వెళ్ళిన శిష్యుడు. రాజధానిలో కూర్చుని, ప్రభుత్వం ఆన్‌లైన్‌లో అందించే సేవలు జనానికి ఎలా ఉన్నాయో కొలిచి రిపోర్టు రాయడం అతని ఉద్యోగం. ఆ ఏటి రిపోర్టు పట్టుకొచ్చి మాస్టారి ముందు పెట్టాడు. అట్ట మీద ఒక రైతు నవ్వుతున్నాడు.

"వందలో తొంభై నాలుగు మంది తృప్తిగా ఉన్నామన్నారు మాస్టారూ. అయినా పేపర్లవాళ్ళు తిడుతున్నారు. జనమే బాగుందంటుంటే, ఇంకెవర్ని అడగాలి?"

మాస్టారు రిపోర్టు ముట్టుకోలేదు. దగ్గర్లోని ఏదైనా ఊళ్ళో అలా తృప్తిపడినవాళ్ళ పేర్ల జాబితా చూపించమన్నారు. శేషగిరి ల్యాప్‌టాప్ తెరిచి, సముద్రం ఒడ్డున ఉన్న ఒక జాలర్ల ఊరి జాబితా తీశాడు. మాస్టారు కళ్ళజోడు పైకి జరుపుకుని ఒక పేరు దగ్గర వేలు ఆపారు. పైడితల్లి. నెల రోజుల్లో మూడుసార్లు ఆ పేరు ఉంది. మూడుసార్లూ అయిదుకి అయిదు నక్షత్రాలు.

"ఇంత తృప్తిపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. చూసొద్దాం పద" అని మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పైడితల్లి ఇంట్లో లేదు. ఆ ఊరి ఆన్‌లైన్ సేవల కేంద్రంలో ఉందన్నారు. కేంద్రమంటే ఒక గది, ఒక కంప్యూటరు, దాని ముందు గౌరినాయుడనే నడివయసు మనిషి, గుమ్మం దాటి ఎండలోకి సాగిన వరస. గోడవారగా పైడితల్లి కూర్చుని ఉంది. పక్కన ఆమె కూతురు సుహాసిని, ఇంటర్ మార్కుల పత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టి గుండెకు ఆనించుకుని నిలబడింది.

ఆ పిల్లకు నర్సింగు కాలేజీలో సీటు వచ్చేంత ర్యాంకు ఉంది. కానీ అది రిజర్వేషన్ కింద వచ్చే సీటు. కుల ధ్రువపత్రం ఆ సాయంత్రం అయిదు గంటల్లోగా కాలేజీకి పంపాలి, లేకపోతే సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

"మూడు పాలి ఎట్టినాం బాబూ" అంది పైడితల్లి. "ఎట్టిన పెతిసారీ ఆ అంకెలేవో ఆళ్ళ నాన్న ఫోనుకి ఎల్తన్నాయంట. ఆడు గుజరాతులో బోటెక్కి ఇరవై రోజులయింది. సంద్రంలో ఫోను పలకదు. రెండ్రోజులు సూసి, మేం మాటాడనేదని మూసేత్తన్నారు."

నంబరు మార్పించుకోవచ్చు కదా అన్నాడు శేషగిరి. గౌరినాయుడు తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "మార్చాలన్నా ముందు పాత నంబరుకే ఓటీపీ అంకెలు వస్తాయి సార్."

"మరి మీరు అయిదు నక్షత్రాలు ఎందుకిచ్చారమ్మా?"

పైడితల్లి అతని మొహంలోకి చూసింది. "నచ్చత్రాలేటి బాబూ?"

అప్పుడు గౌరినాయుడు కుర్చీ తిప్పాడు. నక్షత్రాలు నొక్కేది తనేనని ఏమాత్రం తడబడకుండా చెప్పాడు. దరఖాస్తు పెట్టగానే తెర మీద ఒక పెట్టె తెరుచుకుని తృప్తిపడ్డారా అని అడుగుతుంది, నొక్కితే గానీ రసీదు రాదు. అయిదు నొక్కితే వెంటనే వదుల్తుంది. ఒకటి నొక్కితే కారణం రాయమంటుంది, వంద అక్షరాలకు తగ్గకూడదు, పైగా ఆధారం జతచేయమంటుంది. "రోజుకి ఎనభై మంది సార్. అయిదు కాక ఏం నొక్కను?"

మరి వందలో తక్కిన ఆరుగురూ ఎవరని మాస్టారు మెల్లగా అడిగారు.

"వేలు జారి ఉంటుందండి" అన్నాడు గౌరినాయుడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పని చేసిపెట్టకముందే పని బాగుందా అని అడగడం, అదీ ఆ మనిషిని కాకుండా పక్కవాడిని అడగడం, వచ్చిన అంకెకి రంగులద్ది నవ్వే రైతు బొమ్మ వేసుకోవడం. ఆ రైతు కూడా ఏ ఫొటో కోసమో నవ్వి ఉంటాడు. ఈ మాట పైకే అన్నాను. శేషగిరి వినలేదు, అతను అప్పటికే మండలాఫీసుకి ఫోన్ చేస్తున్నాడు.

అవతలి తహసీల్దారు కూడా మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "నిరుడైతే కాగితం మీద సంతకం చేసి పంపేవాణ్ణి సార్. చేత్తో ఇచ్చే అధికారం తీసేశారు కదా. మీ పాత రిపోర్టులోనే సిఫారసు చేశారు." ఫోన్ స్పీకరులో ఉంది. గదిలో అందరూ విన్నారు.

శేషగిరి చెవులు ఎర్రబడ్డాయి. గౌరినాయుణ్ణి లేపి తనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అత్యవసర ఫిర్యాదుల పేజీ అతని హయాంలో పెట్టించినదే. పైడితల్లి తరఫున ఫిర్యాదుదారుగా తన పేరు రాసి, తండ్రి సముద్రంలో ఉన్నాడని, పిల్ల సీటు పోతుందని వివరంగా టైపు చేసి పంపాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగున్నర అయింది. సుహాసిని గోడ గడియారం వైపు చూడడం మానేసి తల్లి వైపు చూడసాగింది.

అయిదింటికి రెండు నిమిషాల ముందు జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. కారణం: కుటుంబ యజమాని అంకెలు నమోదు చేయలేదు."

గడియారం అయిదు దాటాక సుహాసిని మార్కుల పత్రం కవరు మూత అంటించి, గట్టిగా నొక్కి, సంచిలో పెట్టుకుంది. తెల్లారితే ఆ పిల్ల రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళాలి. ఆమె తప్పు ఒక్కటీ లేదు.

తెర మీద మాత్రం అయిదు ఖాళీ నక్షత్రాలు వెలిగాయి. మా సేవతో మీరు తృప్తి చెందారా?

శేషగిరి ఒకటి నొక్కాడు. కారణం రాశాడు, వంద అక్షరాలు ఎప్పుడో దాటిపోయాయి. ఆధారం జతచేయమంది పెట్టె. అతను సుహాసిని వైపు చూశాడు, ఏం జతచేయాలో తోచలేదు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే అడిగింది. వెనక వరసలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఒక ముసలాయన ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని గొణుగుతున్నాడు.

పైడితల్లి లేచి వచ్చి అతని భుజం పక్కన నిలబడింది.

"ఆ అయిదే నొక్కీండి బాబూ. ఎనకాలోలకి అవ్వాల కదా."

శేషగిరి తను రాసిన కారణం చెరిపేశాడు. తర్వాత అయిదు నొక్కాడు. తెర ధన్యవాదాలు చెప్పింది. ప్రింటరు కిర్రుమని శేషగిరి పేరు మీద రసీదు బయటికి తోసింది. ముసలాయన ముందుకు జరిగాడు.

మాస్టారు ఆ రసీదు అందుకుని, నవ్వే రైతు ఉన్న అట్ట తెరిచి, లోపల పెట్టి మూశారు. రిపోర్టు శేషగిరి చేతికిచ్చారు.

"ఇంకెవర్ని అడగాలన్నావు కదా నాయనా. ఈ తృప్తిపడినవాణ్ణి అడుగు."