మేడిశెట్టి వారి శుభ్రం

తెలివంటే మేడిశెట్టి వారిదే. ఈ మాట ఊరు ఎప్పుడూ అన్లేదు లెండి. పాపం ఊరికెందుకు శ్రమని, రోజూ పొద్దున్నే వాళ్ళకి వాళ్ళే ఓసారి అనేసుకునేవారు. ఆ ఇంట్లో ముగ్గురు. గవర్రాజు, అతని తమ్ముడు నూకరాజు, గవర్రాజు పెళ్ళాం తలుపులమ్మ. ముగ్గురిలో ఎవరు ఎక్కువ తెలివైనవాళ్ళో తేలక, వాదించుకుంటూ కూర్చుంటే అన్నం చల్లారిపోయేది.

"చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళే తెలివైనవాళ్ళు. మాటంటే మాటే!" అనేది తలుపులమ్మ.

వాళ్ళకో గేదె ఉంది. పేరు గంగ. నిజానికి అది అత్తగారు మంగాయమ్మది. ఆవిడ పక్కూళ్ళో కూతురి దగ్గరుంటూ, పాలు తాగుతారులే పాపం అని దాన్ని వీళ్ళకి వదిలింది. తలుపులమ్మకి గంగంటే ప్రాణం. కష్టమైనా సుఖమైనా దానికే చెప్పుకునేది. ఆ ఇంట్లో మాటకి అడ్డం రాకుండా వినేది అదొక్కటే మరి.

ఒకరోజు మంగాయమ్మ వచ్చి గడపలోనే ముక్కు మూసుకుంది.

"ఇదేం కొంపే, తలుపులూ! పాలగిన్నె మీద ఈగలు, నేల మీద జిడ్డు! శుక్రవారం మళ్ళీ వస్తా. ఈ ఇంట్లో మురికనేది నా కంటబడిందో, గంగని తోలుకుపోతా!" అని వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది.

తలుపులమ్మ గంగ మెడ కావలించుకుని భోరుమంది. "నిన్ను పోనిస్తానటే, నా తల్లీ! ప్రాణం పోయినా పోనివ్వను" అని ఒట్టేసి, ముక్కు చీదుకుని, అన్నదమ్ములిద్దర్నీ కొట్టుకి తరిమింది.

కొట్టు వెంకటరత్నం ఫినాయిల్ సీసా, యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడర్ పొట్లం ఇచ్చాడు. వీళ్ళ సంగతి తెలిసినవాడు కనక ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"యాసిడూ బ్లీచింగూ చచ్చినా కలవకూడదు. కలిస్తే విషప్పొగ లేస్తుంది, ఊపిరాడదు. ఫినాయిలు బకెట్ నీళ్ళకి ఒక్క మూత చాలు. తుడిచిన నీళ్ళు కాలవలో పొయ్యకండి, చేపలు చస్తాయి. విన్నారా?"

విన్నారు. ఇంకేముంది, కొట్టు మెట్ల మీదే అన్నదమ్ములు విడిపోయారు. యాసిడ్‌తో గవర్రాజు తూర్పు వీధిన, బ్లీచింగ్‌తో నూకరాజు పడమటి వీధిన ఇంటికొచ్చారు. ఒకడు వీధరుగు మీద, ఒకడు పెరట్లో చతికిలబడ్డారు.

"అన్నయ్యా, అన్నానికి లోపలికి రానా?" అని అరిచాడు నూకరాజు.

"వద్దురోయ్! నాకూ ఆకలేస్తోంది. ఇద్దరం వస్తే కలిసిపోతాం!"

"పోనీ నీ సీసా అక్కడే పెట్టి రారాదూ?"

"పెట్టొస్తే, మనం చూడకుండా అవి కలుసుకుంటేనో?"

నిజమే సుమా అనుకుంది తలుపులమ్మ. చెరోవైపూ కంచం మోసి, చీర దోపుకుని పనిలో దిగింది. బకెట్‌లో నీళ్ళు నింపింది. ఫినాయిల్ సీసా మూత తిప్పి, ఆ మూత తీసి బకెట్‌లో వేసింది. గుడ్డ ముంచి ఇల్లంతా తుడిచింది. జిడ్డు ఎక్కడిదక్కడే ఉంది. మూత మాత్రం నీళ్ళలో హాయిగా తేలుతోంది.

"ఏవయ్యా, ఒక్క మూత చాలట్లేదు!"

"చాలన్నాడంటే చాలాల్సిందే. అయినా మూత నీళ్ళలో వేశావు కదా, మూతలేని సీసా మనకెందుకు? పారబొయ్!" అన్నాడు గవర్రాజు.

అంతే! సీసాడు ఫినాయిలూ నేల మీద గుమ్మరించింది. ఘాటు గుప్పున లేచింది. కళ్ళు మండాయి, ముక్కు కారింది, దగ్గు ఆగలేదు. సీసా పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

"ఏడుపాగట్లేదు మరిదీ!"

"ఇన్నాళ్ళు కలిసున్న మురికి కదా వదినా, బెంగ ఉంటుందిలే" అని ఓదార్చి, నూకరాజు సీసా మీద రాసింది చదివాడు. "నూటికి తొంభైతొమ్మిది క్రిములు చస్తాయంట!"

"మరి నూరోది?"

ఆ ఒక్కటీ అత్తయ్య కంటబడితే గంగ గతేం కాను? చివరికి వీధిలోంచి గవర్రాజే తేల్చాడు. "చుట్టాలంతా పోయారు, ఒంటరిది ఇక్కడేం ఉంటుందే! తలుపులు తీసిపెట్టు, అదే పోతుంది." తలుపులమ్మ వీధి తలుపు, పెరటి తలుపు, కిటికీలు అన్నీ బార్లా తెరిచింది. ఘాటంతా బయటికి పోయింది. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన తెలివైన పని అదొక్కటే, ఆ సంగతి వాళ్ళకి తెలీదు.

ఇక నేల మీది ఫినాయిలంతా పిండిన బకెట్ మిగిలింది. కాలవలో పోస్తే చేపలు చస్తాయి. చేపలే లేకపోతే? అంతే, పాత చీర పట్టుకుని కాలవలో దిగింది. బిందెలో చేపలు, దాకలో చేపలు, పాలగిన్నెలో చేపలు. ఒకటి తీస్తే ఇంకోటి వస్తోంది! పొద్దుగూకింది, ఇంట్లో గిన్నెలైపోయాయి, కాలవలో చేపలు అయిపోలేదు. బకెట్ ఉన్నచోటే ఉంది.

శుక్రవారం తెల్లారేసరికి ఏముంది? తెరిచిన తలుపులోంచి గంగ తిన్నగా లోపలికొచ్చింది, అదీ బురదగుంటలో పొర్లి మరీ. బిందెల్లో నీళ్ళు తాగింది, దాకలు తన్నింది. నేలంతా బురద, బురదలో ఎగిరిపడే చేపలు!

"ఓరి నాయనోయ్, అత్తయ్య వచ్చేస్తుంది!" తలుపులమ్మ చేపల్ని ఏరి కాలవలో వదిలేసింది. ఫినాయిలా లేదాయె. తల రుద్దుకోడానికి నానబెట్టిన కుంకుడురసం తెచ్చి, నిమ్మచెక్కలు పట్టుకుని, ఏడుస్తూనే ఇల్లంతా తోమింది. ఆశ్చర్యం! నేల తళతళలాడింది. కళ్ళూ మండలేదు, దగ్గూ రాలేదు.

అప్పుడు చూసింది. ఇంట్లో మురికి ఒక్కచోటే మిగిలింది. గంగ ఒంటిమీద!

"మురికి అత్తయ్య కంటబడకూడదు. ఆవిడ లేనిచోటు ఏదైనా చెప్పు మరిదీ, తొందరగా!"

నూకరాజు తల గోక్కున్నాడు. "అమ్మ ఇక్కడికొస్తే, అమ్మ లేని చోటు అమ్మ ఇల్లే కదా వదినా!"

"అబ్బ, ఏం తెలివయ్యా నీది!" అని మురిసిపోయి గంగని అతని చేతే తోలించేసింది.

కాసేపటికి మంగాయమ్మ దిగింది. నేల చూసింది, ముక్కుతో గాలి పీల్చింది. "కుంకుడురసమా? బాగుందే! ఆ బకెట్‌లో మందు నీళ్ళేంటి? కాలవలో పొయ్యలేదు కదా?"

"లేదత్తయ్యా, చేపలు ఇంకా కాలవ ఖాళీ చెయ్యలేదు."

మంగాయమ్మకి అర్థం కాలేదు గానీ నవ్వొచ్చింది. "సర్లే. ఇల్లు అద్దంలా ఉంది. నా మాట మీద నేనుంటా, గంగ మీ దగ్గరే ఉంటుంది. ఇంతకీ ఏదీ అది? దారిలో అచ్చం అలాంటిదే ఎదురైంది. ఒళ్ళంతా బురద. ఎవడో మొహానికి తువ్వాలు చుట్టుకుని, చంకలో పొట్లంతో మా ఊరివైపు తోలుకుపోతున్నాడు."

తలుపులమ్మ ఆనందంతో చప్పట్లు కొట్టింది.

"అది గంగే అత్తయ్యా! మీ కంటబడకూడదని మీ ఇంటికే తోలించేశాం! ఇహ మీరు తోలుకుపోదామన్నా దొరకదు!"

మంగాయమ్మ అరుగు మీద కూలబడింది.

"అలసిపోయినట్టున్నారు. ఉండండి, కాఫీకి చిక్కటి పాలు పితుక్కొస్తా" అని చెంబు తీసుకుని తలుపులమ్మ గంగ పాకలోకి వెళ్ళింది.