వర్ఖు పుస్తకం

అరవై రెండో కాగితం కూడా చిరిగింది. లింబాద్రి సుత్తి పక్కన పెట్టి, కుడి భుజం నొక్కుకున్నాడు.

మిఠాయిల మీద అంటించే వెండి రేకును పాతబస్తీలో వర్ఖు అంటారు. చిన్న చిన్న వెండి ముక్కల్ని తోలు పుటల మధ్య పేర్చి, ఆ పుస్తకాన్ని రాతి మీద పెట్టి గంటల తరబడి సుత్తితో కొట్టాలి. అప్పుడు వెండి ఊదితే ఎగిరిపోయేంత పలచగా సాగుతుంది. కొట్టేవాడి భుజమూ పోతుంది, చెవులూ పోతాయి. అది వేరే సంగతి. ఇప్పుడు పోతున్నది తోలు.

మేక తోలును అంత పలచగా గీకి ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరే ఆ పని మానుకున్నారు. మిగిలిన ఒక్క చోటునూ, తోళ్లు కడిగిన నీళ్లు చెరువును పాడు చేస్తున్నాయని మూయించారు. మూయించడం న్యాయమే. కానీ లింబాద్రి పనిచేసే కార్ఖానాలో ఇక ఒకటే పుస్తకం ఉంది, దానికీ అంచులు లేచిపోయాయి. అది చిరిగిన రోజు తలుపుకు తాళం పడుతుంది.

అందుకే లింబాద్రి ఏడు నెలలుగా తోలుకు బదులు వెతుకుతున్నాడు. ప్లాస్టిక్ షీట్లు పెడితే దెబ్బల వేడికి వెండి అంటుకుపోయింది. చివరికి చేతికాగితానికి చింతగింజల గంజి పట్టించి, ఆరబెట్టి, బలపపు రాయి పొడి రుద్దితే కాస్త దారికొచ్చింది. అయినా ఒకసారి పుట చిరిగేది, ఒకసారి రేకు మందంగా వచ్చేది. తనకు పని నేర్పిన ఉస్తాద్ కొట్టిన పాత రేకు ఒకటి మడత కాగితంలో దాచుకుని, ప్రతిసారీ తనదాన్ని దాని పక్కన పెట్టి చూసుకునేవాడు. చూసుకున్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది.

ఉస్తాద్ బుర్హాన్ సాహెబ్‌కు డెబ్బై ఎనిమిదేళ్లు. సుత్తి వదిలి తొమ్మిదేళ్లయింది. పొద్దున దర్గాకు వెళ్లొచ్చి, ఆ తర్వాత రోజంతా కార్ఖానా వెనక గదిలో జపమాల తిప్పుకుంటూ ఉంటారు. లింబాద్రి ఆ గదిలోకి వెళ్లి గోడకు జారగిలబడ్డాడు.

"ఇగ నాతోని కాదు ఉస్తాద్. మీ రేకు నాకు రాదు. మా బావమరిది గోదాంల పనున్నదంట. పోత."

ఉస్తాద్ లేచారు. ఇనప్పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన ఒక పాత పుస్తకం తీశారు. పుటలు తేనె రంగులో, సుత్తి దెబ్బకు ఆగనంత పెళుసుగా ఉన్నాయి. ఆఖరి రెండు పుటల మధ్య ఒకే ఒక్క రేకు, కాస్త నల్లబడి ఉంది.

"నువ్వు దాచుకున్న నా రేకు దీని పక్కన పెట్టు."

లింబాద్రి పెట్టాడు. ఏడు నెలలుగా తనను ఏడిపించిన రేకు దాని పక్కన అట్టముక్కలా కనిపించింది.

"ఇదెవరిది ఉస్తాద్?"

"మా ఉస్తాద్‌ది. జింక తోలు పుస్తకం."

"మరి మనది?"

"అడివిల జింకలు అయిపోతున్నయని నేనే మేక తోలు తెచ్చిన. అప్పుడు నాకు నీ ఈడు."

"ఆయనేమన్నరు?"

ఉస్తాద్ చేతిలోని గుడ్డను మడత మీద మడత పెట్టారు.

"ఏమనలే. ఆ తర్వాత పదకొండేండ్లు బతికిండ్రు. ఒక్క కప్పు కిందనే కూసున్నం, ఒక్క కాడనే తిన్నం. నాతోని ఒక్క మాట మాట్లాడలే."

మడిచిన గుడ్డను ఆయన పక్కన పెట్టారు.

"నీ కాగితం రేకు తే," అన్నారు ఉస్తాద్.

"అది సగం చినిగింది ఉస్తాద్."

"తే."

పొద్దున దర్గాలో పంచిన కలాకండ్ ముక్క ఒకటి గూట్లో ఉంది. ఉస్తాద్ చిరిగిన రేకును దాని మీద పరిచారు. ముక్కను రెండు చేసి, ఒకటి లింబాద్రికి ఇచ్చి, ఒకటి తాను నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు.

"బాగుంది," అన్నారు.

పద్నాలుగేళ్ల శిష్యరికంలో ఆ మాట ఆయన నోట వినడం లింబాద్రికి అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉస్తాద్ జింక తోలు పుస్తకాన్ని మళ్లీ గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టారు.

"రేపు నీ కాగితానికి కూడా ఒకడు బదులు పట్టుకొస్తడు బేటా. వానితోని మాట్లాడు."