కొండ మీది నీలిచుక్క

శనగ కోతలైపోయిన నల్లరేగడి చేలల్లో ఒక గొర్రెల మంద దిగింది. ఈ చేలో నాలుగు రాత్రులు, ఆ చేలో నాలుగు రాత్రులు పడుకుని, నేలకు ఎరువు పెట్టి ముందుకు సాగే మంద అది. కాపరి మనిషి ఒకడున్నాడు గానీ, పొద్దస్తమానం తుమ్మచెట్టు కింద ఫోను చూసుకుంటూ ఉంటాడు కాబట్టి మన కథలోకి రాడు. మందను నడిపేది బొల్లక్క. బొల్లక్క మేక. ముందు ఒక మేక నడవకపోతే గొర్రెలు ఎటు పోవాలో తేల్చుకునేలోపు పొద్దు గుంకుతుంది.

బొల్లక్క మెడలో తాడుకు ఒక పాత బటన్ల ఫోను వేలాడేది. అందులో ఐదు అంకె ఒక పట్టాన పడేది కాదు, గట్టిగా నొక్కితే రెండుసార్లు పడేది. అయినా ఏ పనీ ఆగలేదు. మేతకు పోయేటప్పుడు నడవలేని పసిపిల్లల్ని ఏదో ఒక పొద నీడలో గంపల కింద మూసిపెట్టి పోవడం వాళ్ల పద్ధతి. ఆ చోటు రోజుకొకటి. బొల్లక్క ఎప్పుడు వెనక్కొచ్చి చూసుకుంటుందో ఆమెకే తెలియదు. ఆమె ఎక్కడుంటే కుక్క కర్రోడు అక్కడ. వాడు కాస్త ఎడమైతే ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది, పరుగున వచ్చేస్తాడు. ఈ ఏర్పాటు పుణ్యమా అని నక్క తిరుపాలు ఆ ఏడాదంతా తొండలు తిని బతికాడు.

ఒక పొద్దున ఆ తిరుపాలే భుజాన సంచీ వేసుకుని వచ్చి, బాగా దూరంలో నిలబడి దండం పెట్టాడు.

"బాగుండావా బొల్లక్కా? కర్రన్నా, దండాలు. నేను వేట మానేసినా. ఇప్పుడు ఫోన్ల యాపారం."

"ఎప్పట్నించి?" అన్నాడు కర్రోడు.

"మొన్నట్నించి."

సంచీలోంచి తళతళలాడే ఫోను తీశాడు. దాని వీపున మూడు కళ్లున్నాయి.

"మూడెందుకురా?" అంది బొల్లక్క.

"ఒకటి దగ్గరికి, ఒకటి దూరానికి."

"మూడోది?"

"అది అందానికక్కా."

బొల్లక్క నెమరు ఆపలేదు. "దీంతో నాకు ఆగిన పనేదీ లేదు తిరుపాలూ. కొత్తది కొని నేనేం చేసుకోవాల?"

"కొనమన్నదెవరు? వారం ఊరికే వాడు. నచ్చకపోతే వాపసియ్యి."

ఊరికే అన్న మాట చెవిన పడగానే మంద మొత్తం తలెత్తింది. పొట్టేలు ఓబులేసు ముందుకొచ్చాడు. ఓబులేసుకు కొమ్ములు పెద్దవి. మిగతావి అంత పెద్దవి కావు.

"అక్కా, వాగవతల మందలో అందరికీ ఇట్లాంటివే ఉండాయి. నీ మెడలో ఆ డొక్కు ఫోను చూసి వాళ్లు నవ్వుతావుండారు. మా పరువు పోతాంది. ఇప్పుడు మనం నక్క తోక తొక్కినట్టే!"

తిరుపాలు తోక కాస్త పక్కకు జరుపుకున్నాడు.

"ఇది మొగం చూసి తెరుచుకుంటుంది. వేరేవాళ్లు చూస్తే తెరుచుకోదు," అన్నాడు. ఓబులేసు మొగం పెట్టాడు. తెరుచుకుంది. ఆ తర్వాత మందలో ఉన్న గొర్రెలన్నీ వరసగా చూశాయి. అందరికీ తెరుచుకుంది.

"కలుపుగోలు ఫోను," అన్నాడు తిరుపాలు.

బొల్లక్క కూడా ఒకసారి చూసింది. అద్దంలో తన గడ్డం కనబడింది. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు గానీ గడ్డం బాగుంది. పక్కకు తిరిగి చూసుకుంది. పక్కనుంచి ఇంకా బాగుంది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు.

"సరే, వారమే," అంది. పాతది మాత్రం మెడలోంచి తియ్యలేదు.

తిరుపాలు గబగబా ఏవేవో నొక్కాడు. "ఒప్పుకుంటున్నాను, ఒప్పుకుంటున్నాను, ఇది కూడా ఒప్పుకుంటున్నాను..."

"నా బదులు ఏం ఒప్పుకుంటాండావురా?"

"అందరూ ఒప్పుకునేదే అక్కా. ఎవరూ చదవరు."

రెండు రోజులు బొల్లక్క మేత తక్కువ, ఫొటోలు ఎక్కువ. మూడో పొద్దున తిరుపాలు మళ్లీ వచ్చాడు, బాగోగులు కనుక్కోవడానికి.

"ఎట్లుందక్కా ఫోను?"

"బాగుంది నాయనా. గడ్డం బాగా పడతాంది."

"ఉండదా మరి! నిన్న వాగు దాటి రేగుపొదల దాకా పోయినారే, కాళ్లు నొప్పులు పుట్టలేదూ?"

బొల్లక్క నెమరు ఆగిపోయింది. నిన్న రేగుపొదల దాకా పోయిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నక్క ఆ దరిదాపులకొస్తే కర్రోడి ముక్కు ఊరుకునేది కాదు. అంటే వీడు రాకుండానే, ఈ ఫోనులోంచే చూశాడు. నేనెక్కడున్నానో వీడికి తెలుసు. నేను దూరంగా ఉన్నానంటే కర్రోడూ దూరమే. ఇక మిగిలింది గంపలు వెతకడమే. కాళ్లయినా సరిగ్గా నిలవని ఆ పసికూనలు గుర్తొచ్చాయి. గడ్డం చూసుకుని మురిసిపోయిన మొగాన్ని నాలుగు వాయించుకోవాలనిపించింది.

పైకి మాత్రం నిట్టూర్చింది. "నొప్పులేనయ్యా. రేపు ఇంకా దూరం, కొండెక్కాల. పసిపిల్లల్ని ఆ ఎండకు ఎట్ల తీసకపోయేది? తంగేడు పొదల నీడన గంప కింద పెట్టి పోతాం. దేవుడే దిక్కు."

"దేవుడున్నాడక్కా," అన్నాడు తిరుపాలు భక్తిగా.

మర్నాడు బొల్లక్క కొత్త ఫోను ఓబులేసు మెడలో కట్టింది. "నాయనా, కొండ మీద నుంచి మన మంద ఫొటో తియ్యాల. నీ కొమ్ములు కూడా పడాల." ఓబులేసు రెండో మాట వినకుండా కొండెక్కాడు.

నక్క జాతి ఎవరి మాటా నమ్మదు. తిరుపాలూ నమ్మలేదు. తన ఫోను తీసి చూసుకున్నాడు. బొల్లక్కకిచ్చిన ఫోను జాడ చూపే నీలిచుక్క కొండ మొదట్లో ఉంది, నడుమకెక్కింది, కొసన ఆగింది. మాటను నమ్మనివాడు చుక్కను నమ్మాడు. తాపీగా తంగేడు పొదల దగ్గరికొచ్చాడు. పెద్ద గంప ఒకటి బోర్లించి ఉంది. లోపల ఏదో కదిలింది. మూతి తుడుచుకుని గంప ఎత్తాడు.

"రా తిరుపాలూ," అన్నాడు కర్రోడు.

తిరుపాలు ఒక్క క్షణం ఫోను వంక చూశాడు. చుక్క ఇంకా కొండ మీదే ఉంది. "నువ్వు ఇక్కడ లేవు కదా కర్రన్నా!" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

కర్రోడు జవాబు నోటితోనే చెప్పాడు, మాటలతో మాత్రం కాదు. తిరుపాలు వాగు దాటేసరికి తోకలో సగం తంగేడు పొదల్లో మిగిలింది. ఊడిపడ్డ సగాన్ని తొక్కుకుంటూ బొల్లక్క అవతలి పొద చాటు నుంచి వచ్చింది. ఆమె వెనకాల పసిపిల్లలు తల్లుల పొట్టల కింద దూరి పాలు తాగుతున్నాయి. వాటిని చూసి ఆమెకు ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చింది కూడా.

సాయంత్రానికి ఓబులేసు కొండ దిగాడు. ఫొటోల్లో మంద ఎక్కడా లేదు, కొమ్ములే ఉన్నాయి. బొల్లక్క ఆ ఫోను తీసుకుని వాగు గట్టున నిలబడి కేకేసింది.

"తిరుపాలూ! నాకు నచ్చలేదు. వచ్చి వాపసు తీసకపో నాయనా."

వాగవతల సగం తోక పొదల్లోకి దూరింది. బొల్లక్క పాత ఫోనులో ఐదు గట్టిగా నొక్కి, కర్రోడికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, మందను మళ్లించింది.

కొత్త వస్తువు ఎంత బాగా పనిచేస్తుందో తర్వాత చూడొచ్చు, ఎవరికి పనిచేస్తుందో ముందు చూసుకోవాలి.