ఏట్లో వదిలిన అమ్మ గొంతు

అనగా అనగా, పాటను లక్కపళ్లెంలో పట్టి దాచుకోగలిగిన రోజుల్లో, కింశుకపురమనే నగరం ఉండేది. దాన్ని ఏలే రాజు మణిధరుడు. అతనికి ఊహ తెలియకముందే తల్లి పోయింది. ఆమె ముఖం గుర్తులేదు. ఆమె పాడిన జోలపాట మాత్రం ఒక పళ్లెంలో మిగిలింది. పళ్లేన్ని యంత్రం మీద తిప్పి ముల్లు ఆనిస్తే చాలు, గొట్టంలోంచి అమ్మ గొంతు వచ్చేది. రాజుకి తల్లి అంటే ఆ పాటే.

ఆ నగరంలో ఒక ఆచారం ఉండేది. ఏడాది మారిన రోజున ఏ ఇంట్లోనూ పాత వస్తువు మిగలకూడదు. పాత చాప, పాత కుండ, పాత చీపురు, అన్నీ ఏట్లో వదిలేయాలి. మరి రాణిగారి పళ్లెం? అదీ అంతే! ఆస్థాన నకలుదారు పాత పళ్లెం పాడుతుండగా దాని ఎదుట కొత్తది తిప్పి, పాటను అందులోకి దింపేవాడు. ముందు ఒక ముసలాయన ఆ పని చేశాడు, తర్వాత అతని కొడుకు కనకాక్షుడు. కొత్త పళ్లెం పట్టుదిండు ఎక్కేది. పాతదాన్ని రాజు కళ్లకద్దుకుని ఏట్లో వదిలేవాడు. బుడిబుడి నడకల నాడు దాది చెయ్యి పట్టి వదిలించింది, పెద్దయ్యాక తనే వదిలాడు. అంతమంది పండితులున్న సభలో ఇదేం పని అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

రాజు గడ్డం నెరిసింది. పాటలో గరగర మొదలైంది.

"కనకాక్షా, అమ్మ గొంతు బొంగురుపోతోందేమయ్యా?" అన్నాడు రాజు.

"పళ్లేనికి బంగారు అంచు లేదు ప్రభూ, అందుకే!"

బంగారు అంచు వేశారు. మరుసటి ఏడు గొంతు ఇంకా సన్నగిల్లింది.

"గొట్టం చాలడం లేదు ప్రభూ!"

గుమ్మంలో పట్టనంత గొట్టం చేయించారు. గరగర పెద్దదైంది గానీ పాట పెద్దది కాలేదు. ఆ పై ఏడు కనకాక్షుడు రాజు దగ్గరికి వంగాడు.

"తమరు ఏమీ అనుకోనంటే చెబుతాను. తమ చెవులే కాస్త మందగించాయేమో!"

రాజు నమ్మాడు, పాపం. వైద్యులు చెవుల్లో వేడి నువ్వులనూనె పోస్తుంటే బుద్ధిగా తల వంచుకు కూర్చున్నాడు. ఏం లాభం? రాజుకి గుండెల్లో దిగులు పట్టుకుంది. ఇంకొక్క ఏడాదికి అమ్మ బొత్తిగా వినబడదేమో!

ఏడాది మారింది. రాజు పాత పళ్లెం పట్టుకుని ఏటి ఒడ్డుకు వచ్చాడు. నీళ్లలోంచి ఒక ముసలి తాబేలు తల పైకెత్తింది.

"ఆగవయ్యా రాజా! ఏటా ఒకటి నా గుహలోకి కొట్టుకొస్తోంది. మా పిల్లలు పడుకోవడానికి చోటు లేకుండా పోయింది!"

రాజు నోరు తెరిచాడు. "ఏమిటీ? అవన్నీ ఇంకా ఉన్నాయా?"

"ఉండక ఎక్కడికి పోతాయి? లక్క నీళ్లకి కరుగుతుందా?"

రాజు అక్కడికే యంత్రాన్నీ కనకాక్షుణ్ణీ రప్పించాడు. తాబేలు మూడు పళ్లేలు తెచ్చి పెట్టింది. మొదటిది ఈమధ్యది. తిప్పితే గరగర తగ్గింది, పాటలో మాటలు తెలిశాయి.

రెండోది రాజు పడుచువాడుగా ఉన్నప్పటిది. పాటతోపాటు గాజుల గలగల వినిపించింది. రాజు ఉలిక్కిపడ్డాడు. "ఈ గాజులు ఎప్పుడు పోయాయి? నాకు తెలియనే లేదే!"

మూడోది రాజు పసివాడుగా ఉన్నప్పుడు వదిలిన మొట్టమొదటి పళ్లెం, దానికి నాచు పట్టింది. తుడిచి ముల్లు ఆనించారు.

అమ్మ పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంది! ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. పాట అయిపోయింది. అయ్యాక ఒక పసిబిడ్డ కిలకిలా నవ్వాడు.

"నిద్రపొమ్మని పాడితే నవ్వుతావేరా, దొంగా?" అంది అమ్మ, చాలా మెల్లగా.

రాజు గొట్టానికి చెవి ఆనించాడు. ఆ నవ్వు తనదే. ఆ మాట తనతో అన్నదే. అంత మెల్లని మాట మొదటి నకలులోనే జారిపోయింది. తల్లి తనతో మాట్లాడిందని ఇంత వయసు వచ్చేదాకా అతనికి తెలియదు!

"కనకాక్షా! ఏం చేశావురా?"

కనకాక్షుడు రాజు కాళ్ల మీద పడ్డాడు. "నిరుటి నకలుకే మళ్లీ నకలు తీశాను ప్రభూ. ఏటా కొంచెమే పోతుంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అడిగినప్పుడు భయపడి అబద్ధమాడాను."

రాజు కత్తి దూశాడు.

"వాడు చేసింది తప్పే," అంది తాబేలు. "మరి ఏట్లో వదిలిన చెయ్యి ఎవరిది రాజా?"

కత్తి జారి ఇసుకలో పడింది. రాజు తన రెండు చేతులూ చూసుకున్నాడు. "అమ్మను నేనే పారేసుకున్నానా!" అంటూ ఒడ్డున చతికిలబడి, అందరూ చూస్తుండగా భోరుమని ఏడ్చాడు.

ఆ రోజుతో ఆ ఆచారం ఆగిపోయింది. కనకాక్షుడి కొలువూ పోయింది. నాచు మరక పోని ఆ పాత పళ్లెమే పట్టుదిండు ఎక్కింది.

నకలు చూసి మురిసి అసలును పారేసుకునేవాడికి, తనకు పోయిందేమిటో కూడా తెలియదు.