కొండ విడిదిలో ఎర్రపట్టీ

ఎండలు ముదిరితే చాలు, అడవిలో జంతువులన్నీ కొండ మీది విడిదికి ఎగబడేవి. పైన చల్లగాలి, తినడానికి పనసతొనలు, కాస్త అవతల సెలయేరు. ఆ విడిదిని నడిపేది పైడమ్మ అనే ఎలుగుబంటి. మనిషి మంచిదేనంటారు. నన్నడిగితే, ఎవరేమిటో కనుక్కునే ఓపిక లేని మంచితనం ఎందుకు? ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒకటే. పెంపుడు జీవాల్ని వెంట తేకూడదు, చూపులేనివాళ్లకి దారి చూపే ఎర్రపట్టీ జీవానికి మాత్రం అడ్డులేదు.

ఆ యేడు దాలప్ప అనే గుడ్డి ముసలి ఎద్దు వచ్చాడు. వెంట కర్రి అనే నల్లకుక్క. కర్రి మెడకి ఎర్రపట్టీ, దాని రెండో కొస దాలప్ప కొమ్ముకి. రాయి అడ్డొస్తే కర్రి ఆగేది. గొయ్యి వస్తే ఒళ్లంతా ఆనించి అతని కాలిని పక్కకి నెట్టేది. పైడమ్మ పట్టీ చూసి, "లోపలికి పదండి" అంది.

వాళ్ల వెనకే నక్క నారాయుడు, భుజం మీద కోతిపిల్లతో వచ్చాడు.

"ఆ కోతి ఎవరు?"

"చింటూ. నేను పెంచుకుంటున్నానమ్మా, బంగారుకొండ."

"పెంపుడు జీవాలకి చోటు లేదు."

"అది లేకపోతే నాకు గుండెదడ పైడమ్మా!"

"అయితే ఇంటికి పోయి దడదడలాడు."

నారాయుడు వెనక్కి తిరిగాడు. చాటుకి పోయి, మోదుగపూలు నలిపి ఒక నారకి రంగు పులిమి, కోతి మెడకి కట్టాడు. కళ్లు మూసుకుని తడుముకుంటూ మళ్లీ గేటు దగ్గర తేలాడు.

"ఇందాక కళ్లు బాగానే ఉన్నాయిగా?"

"ఎండదెబ్బకి పోయాయమ్మా, ఏం చెప్పుకోను నా ఖర్మ!"

అవతల పొయ్యి మీద పాయసం మాడుతోంది. పైడమ్మ పట్టీ చూసి, "సరేలే, పో" అనేసింది.

"తాతా, వాడు గుడ్డీ లేదు గాడిదగుడ్డూ లేదు. ఇప్పుడే నాకు కన్నుకొట్టాడు. పైడమ్మతో చెప్పనా?" అంది కర్రి.

"మనకెందుకే తల్లీ, ఉండనీ. చోటు అందరికీ ఉంది" అన్నాడు దాలప్ప. అలాంటివాడు మరి.

మర్నాడు పొద్దున్నే వాళ్లిద్దరూ చల్లటి వేళ నడకకి వెళ్లారు. ఇక్కడ కోతి కుందేలమ్మ పరుపు చింపింది. పాయసం గిన్నెలో కాళ్లు కడుక్కుంది. జింకపిల్లల్ని తోకలు పట్టి ఈడ్చింది. అతిథులంతా పైడమ్మ మీద పడ్డారు.

"పట్టీ కట్టుకుంది, పద్ధతి తెలిసిందనుకున్నాం. ఇదేనా నీ విడిది?"

పైడమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఇకమీదట ఇక్కడ ఎర్రపట్టీ కనబడితే ఊరుకోను!" అని అరిచింది.

నారాయుడు చటుక్కున కోతి మెడలో పట్టీ తెంపి పొదల్లోకి విసిరేశాడు. కళ్లు కూడా తెరిచాడు. "వీడు మా అక్క కొడుకమ్మా. అతిథే!" నక్కకి కోతి మేనల్లుడెలా అయ్యాడని ఒక్కరైనా అడగలేదు. మెడలో పట్టీ లేదు, పైడమ్మకి అంతే కావాలి.

ఎండ నెత్తికెక్కాక దాలప్ప, కర్రి తిరిగొచ్చారు.

"కుక్కకి వీల్లేదు."

"నిన్న రానిచ్చావు కదమ్మా? కర్రి ఏం చేసింది?"

"అది చేసినా చేయకపోయినా, ఒకదాన్ని రానిచ్చి ఇంకోదాన్ని ఆపితే నన్నే అంటారు. దాన్ని గేటుకి కట్టేస్తా, నువ్వు లోపలికి రా. కాదంటే దిగిపో."

ఆ ఎండలో కొండ దిగితే ముసలి ప్రాణం దారిలోనే పోతుంది. కర్రికి అది తెలుసు. "వెళ్లు తాతా. నీడలో పడుకో. నేను లేకుండా ఎక్కడికీ కదలకు" అంది.

"నువ్వు లేకపోతే నాకు భయమే, కర్రీ" అన్నాడు దాలప్ప.

లోపల ఎంతసేపని పడుకుంటాడు? నాలుక పిడచకట్టుకుపోయింది. "కాసిన్ని నీళ్లు ఇప్పించండి బాబూ" అని అడిగాడు. ఎవరి గోల వాళ్లది. పనసతొన నములుతూ పడుకున్న నారాయుడు, తల కూడా ఎత్తకుండా, "తిన్నగా పో తాతా, సెలయేరు అక్కడే. అంతా చదునే" అన్నాడు.

చదును కాదు. సెలయేటికి ముందు లోయ ఉంది, కాలిబాట దాన్ని చుట్టుకుని పోతుంది. దాలప్ప తిన్నగా నడిచాడు.

గేటు దగ్గర్నుంచి కర్రి చూసింది. "తాతా, ఆగు! ముందు లోయ!" అని గొంతు చిరిగేలా అరిచింది. మెడ కోసుకుపోతున్నా తాడు గుంజింది. నీటి హోరులో ఆ మాటలు దాలప్పకి అందలేదు. విడిదిలోకి వట్టి మొరుగుడే వినబడింది.

"చూశారా? అందుకే వద్దన్నాను. పట్టీ కట్టినవన్నీ ఇంతే, ఊరికే గోల" అంది పైడమ్మ. అతిథులు తలలూపారు. నారాయుడు అందరికంటే గట్టిగా ఊపాడు.

కాసేపటికి మొరుగుడు ఆగిపోయింది. "హమ్మయ్య, ఇప్పటికి బుద్ధొచ్చింది దానికి" అనుకుంటూ పైడమ్మ దాలప్ప కోసం నీళ్లకుండ తీసుకెళ్లింది. నీడలో ఎవరూ లేరు. గిట్టల జాడ పట్టుకుని లోయ అంచుదాకా పరుగెత్తి, కిందికి చూసి, అక్కడే కూలబడింది.

తర్వాత వెళ్లి కర్రి తాడు విప్పింది. "నాకు తెలీదే తల్లీ" అని ఏడ్చింది.

"నువ్వు అడగలేదు" అంది కర్రి. లోయలోకి దిగి దాలప్ప పక్కన పడుకుంది. ఎంత పిలిచినా పైకి రాలేదు.

నీతి: గుర్తు చూసి నమ్మి, గుర్తు చూసే శిక్షించేవాళ్లకి మోసగాడు ఎప్పుడూ దొరకడు, వాడు అప్పటికే ఆ గుర్తు తీసి పారేసి ఉంటాడు.